స్ఫటిక సౌష్ఠవ శోధకుడు - సూరి భగవంతం

వంటింటిలోని ఉప్పుకల్లు, పటికబెల్లం పలుకు, బురదనీటిని తేర్చే పటిక, రైతు చేనుకు కొట్టే మందులో కలిపే మైలతుత్తం - ఇవన్నీ స్ఫటికాలే. చూపులకు అల్పవస్తువులైన వీటి అంతర్భాగంలో పరమాణువులు ఎంతో క్రమశిక్షణతో బారులు తీరి ఉంటాయి. ఆ క్రమాన్ని శాసించే సౌష్ఠవ నియమాలను గణితదృష్టితో పరిశీలించి, అర్ధశతాబ్దం పాటు ప్రపంచమంతా ప్రమాణంగా స్వీకరించిన ఒక పట్టికలో దొర్లిన దోషాన్ని దిద్దిన తెలుగు భౌతికశాస్త్రవేత్త ఆచార్య సూరి భగవంతం. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలు రెండింటిలోనూ ఆధునిక భౌతికశాస్త్ర పరిశోధనను వర్ధిల్లజేసిన ఘనత ఆయనది.

భగవంతం 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. ఉన్నత విద్య కోసం హైదరాబాదు చేరి నిజాం కళాశాలలో చదివారు. ఆనాడు ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. భౌతికశాస్త్రంలో ఆయన పట్టభద్రులైన 1928వ సంవత్సరం భారతీయ విజ్ఞానశాస్త్ర చరిత్రలోనే మరపురానిది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వెంకటరామన్ కాంతి పరిక్షేపణానికి సంబంధించిన తమ మహావిష్కరణను సాధించారు. ఇంకా ఇరవై యేండ్లు నిండని భగవంతం ఆ సంవత్సరమే కలకత్తా వెళ్లి, భారతీయ విజ్ఞాన సంవర్ధక సంఘం ప్రయోగశాలలో రామన్ శిష్యవర్గంలో చేరారు.

ఒక పదార్థంపై ఏకవర్ణ కాంతిని ప్రసరింపజేసినప్పుడు, చెదరిపోయే కాంతిలో అత్యల్పభాగం తన రంగును మార్చుకొంటుంది. పదార్థంలోని అణువుల కంపనాలతో కాంతి జరిపే శక్తి వినిమయమే అందుకు కారణం. రంగు మారిన ఆ రేఖలను కొలిస్తే పదార్థపు అంతర్గత కంపనాలు తెలుస్తాయి. భగవంతం తొలినాళ్లలో పరిశీలించిన పదార్థాలలో వజ్రం ముఖ్యమైనది. కృష్ణాతీరంలోని కొల్లూరు గనులు ఒకప్పుడు లోకానికి వజ్రాలను పంచిపెట్టాయి. ఆ తీరంలోనే పుట్టిన యువకుడు వజ్రాన్ని ఆభరణంగా గాక ప్రకృతి రహస్యాలను దాచుకొన్న పేటికగా చూడడం ఒక ముచ్చటైన సంగతి. 1930లో ఆయన వజ్రపు రామన్ వర్ణపటంపై పరిశోధన ప్రకటించారు. మరుసటి సంవత్సరం రామన్‌తో కలిసి చేసిన ప్రయోగాల ద్వారా, కాంతి కణమైన ఫోటానుకు ఆత్మభ్రమణం ఉన్నదనడానికి నిదర్శనం చూపారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై రెండేండ్లకు మించలేదు.

1932లో భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసకులుగా చేరారు. 1926లో ఏర్పడిన ఆ సంస్థలో ప్రయోగశాలలు అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్నాయి. కొద్ది సంవత్సరాలలోనే ఆయన ఆచార్య పదవిని పొంది, భౌతికశాస్త్ర శాఖకు నాయకులైనారు. ఆయన జీవితంలోని ప్రధాన కృషి ఇక్కడే జరిగింది. దానిని గ్రహించాలంటే, శాస్త్రజ్ఞులు స్ఫటికం లోపలి అమరికను ఎట్లా తెలుసుకొంటారో, ఆ ప్రయత్నంలో ఎక్కడ పొరబడతారో కొంత వివరంగా చెప్పుకోవాలి.

భైంసా, ముధోల్ ప్రాంతాల నల్లరేగడి భూములలో నిలువుగా, అడ్డంగా అచ్చు తోలి నాటిన పత్తిచేను పక్కగా బస్సులో ప్రయాణించేవారికి ఒక దృశ్యం పరిచితమే. ఒక క్షణం మొక్కల నడుమ తిన్నని బాటలు తెరుచుకొంటాయి. మరుక్షణం అవి మూసుకొని, ఏటవాలుగా మరికొన్ని బాటలు తెరుచుకొంటాయి. నాటినది ఒకే చేను. చూసే దిక్కును బట్టి సాళ్ల నడుమ ఎడం మారుతున్నది. స్ఫటికంలోని పరమాణువులు కూడ ఇట్లాగే అనేక దిక్కులలో తలాలుగా ఏర్పడి ఉంటాయి. అయితే ఆ తలాల నడుమ దూరం సెంటీమీటరులో పదికోట్లింట కొన్ని వంతులు మాత్రమే. కంటికి కనిపించే కాంతి తరంగాలు అంత సన్నని ఎడాన్ని పట్టలేవు. 1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్-కిరణాలు అందుకు తగినవి.

1912లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో లావే సూచనపై ఫ్రెడరిక్, క్నిపింగ్ అనే ఇద్దరు ప్రయోగకర్తలు ఒక మైలతుత్తం స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలను పంపారు. వెనుక ఉంచిన ఛాయాచిత్ర ఫలకంపై నల్లని చుక్కలు ఏర్పడ్డాయి. కిరణాలు పరమాణు తలాలపై వివర్తనం చెంది, కొన్ని దిక్కులలో మాత్రమే ఒకదానినొకటి బలపరచుకొనగా ఏర్పడిన చుక్కలవి. తరువాత యశద గంధకిదం స్ఫటికంతో మరింత స్పష్టమైన చిత్రాలు లభించాయి. కాని లావే వాటికి చెప్పిన వివరణలో ఒక చిక్కు మిగిలిపోయింది. ఆయన లెక్కప్రకారం కనిపించవలసిన చుక్కలు కొన్ని ఫలకంపై లేవు. కేంబ్రిడ్జిలో చదువుతున్న ఇరవై రెండేండ్ల లారెన్స్ బ్రాగ్ ఆ లోపాన్ని విడదీశాడు. దోషం చిత్రంలో లేదు, స్ఫటికంలోనూ లేదు. పరమాణువులు ఘనపు మూలలలో మాత్రమే ఉన్నాయనుకొన్న ఊహలో ఉన్నది. ముఖాల నడిమిభాగాలలో కూడ పరమాణువులున్నాయని గ్రహిస్తే కనిపించని చుక్కలు ఎందుకు కనిపించలేదో తేటతెల్లమైంది. లేని చుక్క కూడ ఒక సాక్ష్యమేనని ఆనాటి నుండి స్ఫటికశాస్త్రజ్ఞులు గుర్తించారు. తండ్రితో కలిసి 1915లో నోబెల్ బహుమతి అందుకొన్నప్పుడు బ్రాగ్ వయస్సు ఇరవై అయిదు.

ఈ పద్ధతికి కొన్ని సహజమైన పరిమితులున్నాయి. ఫలకం చుక్కల తీవ్రతను మాత్రమే నమోదు చేస్తుంది. తరంగాలు ఏ దశలో వచ్చి చేరాయో చెప్పదు. పైగా వివర్తన చిత్రం సాధారణంగా స్ఫటికంలో సౌష్ఠవ కేంద్రం ఉన్నా, లేకున్నా ఉన్నట్లే కనిపిస్తుంది. 1913లో ఫ్రాన్సు దేశస్థుడైన ఫ్రీడెల్ ఈ విషయాన్ని నిరూపించాడు. ప్రకృతిలో స్ఫటికాలకు 32 సౌష్ఠవ తరగతులున్నాయి; ఎక్స్-కిరణ చిత్రాలలో అవి 11 వర్గాలుగా మాత్రమే భాసిస్తాయి. ముప్పది రెండు ఇండ్ల వారికి పదకొండు తలుపులే ఉన్నట్లు! ఏ తలుపు వెనుక ఏ ఇల్లున్నదో తేల్చడానికి స్ఫటికపు ఇతర ధర్మాలు - కాంతి, ఉష్ణం, ధ్వని, ఒత్తిడి మొదలైన వాటికి అది ప్రతిస్పందించే తీరు - తోడ్పడాలి. భగవంతం పరిశోధనలు ప్రధానంగా ఈ ధర్మాల గురించినవే.

ఆ కృషిలో ఆయనకు లభించిన సాధనం గణితంలోని సమూహ సిద్ధాంతం. ఒక వస్తువును కొంత కోణం తిప్పినా, అద్దంలో చూపినా పూర్వరూపంలోనే కనిపిస్తే ఆ క్రియను సౌష్ఠవ క్రియ అంటారు. ఒక స్ఫటికానికి వర్తించే ఇటువంటి క్రియలన్నీ కలిసి ఒక సమూహం అవుతాయి. ఆ సమూహపు లక్షణాలను బట్టి, స్ఫటికాన్ని పరిశీలించక మునుపే, దాని కంపనాలలో ఎన్ని రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో, ఎన్ని కనిపించవో లెక్కకట్టవచ్చు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే ఉన్న గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి భగవంతం 1939లో స్ఫటిక నిర్మాణానికీ రామన్ ఫలితానికీ గల సంబంధాన్ని ఈ దృష్టితో నిరూపించారు. స్ఫటికంలో మాటిమాటికీ పునరావృతమయ్యే ప్రాథమిక ఘటకాన్ని మాత్రమే తీసుకొని దాని కంపనాలను వర్గీకరించే ఆ విధానం ప్రయోగశాలలలో స్థిరపడిపోయింది. అప్పటికి సమూహ సిద్ధాంతమంటే భౌతికశాస్త్రజ్ఞులలో చాలామంది వెనుకాడేవారు. ఆ బెరుకును పోగొట్టే ఉద్దేశంతో వారిరువురూ 1948లో సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలలో దాని వినియోగం అనే విషయంపై ఆంగ్లంలో ఒక గ్రంథం రచించారు. గణితవేత్త, భౌతికవేత్త ఒకే బల్ల వద్ద కూర్చొని వ్రాసిన పుస్తకమని దాని పుటలే చెబుతాయి.

ఇక పట్టికలో దోషం సంగతి.

పారదర్శకమైన స్ఫటికాన్ని ఒక దిక్కున గట్టిగా అదిమితే, దాని గుండా కాంతి ప్రయాణించే తీరు స్వల్పంగా మారుతుంది. దీనిని కాంతిస్థితిస్థాపక ఫలితం అంటారు. ఏ దిక్కున ఎంత అదిమితే ఏ దిక్కున ఎంత మార్పు వస్తుందో తెలిపే సంఖ్యలు స్థిరాంకాలు. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి ఇవి 36. సౌష్ఠవం పెరిగిన కొద్దీ కొన్ని స్థిరాంకాలు సున్నలవుతాయి, కొన్ని పరస్పరం సమానమవుతాయి. అట్లా ఏ తరగతికి ఎన్ని మిగులుతాయో జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పొకెల్స్ పందొమ్మిదవ శతాబ్దం చివరలో నిర్ణయించాడు. ఘనవ్యవస్థకు చెందిన స్ఫటికాలన్నిటికీ మూడు స్థిరాంకాలు చాలునని ఆయన సిద్ధాంతం. పొకెల్స్ మహామేధావి, ఆ శాస్త్రశాఖకు మూలపురుషుడు. ఆయన పట్టికను శంకించవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు. పాఠ్యగ్రంథాలన్నీ దానినే ఎత్తి వ్రాసుకొన్నాయి.

భగవంతం సమూహ సిద్ధాంతంతో ఆ లెక్కను మొదటి నుండి మళ్లీ కట్టారు. ఘనవ్యవస్థలోని అయిదు తరగతులలో మూడింటికి పొకెల్స్ చెప్పినట్లే మూడు స్థిరాంకాలు వచ్చాయి. మిగిలిన రెండింటికి మాత్రం నాలుగు వచ్చాయి. అది ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఘనాకారపు స్ఫటికానికి మూడు అక్షాలూ పొడవులో సమానమే. బయటినుండి చూస్తే, ఒక అక్షం చుట్టూ తొంభై డిగ్రీలు తిప్పితే స్ఫటికం మళ్లీ అట్లాగే ఉంటుందనిపిస్తుంది. కాని బంగారంలా మెరిసే పైరైట్ అనే ఇనుప ఖనిజపు ఘనాన్ని చేతిలోకి తీసుకొని చూస్తే, దాని ముఖాలపై సన్నని చారలు కనిపిస్తాయి. ఒక ముఖం మీది చారలు ఒక దిక్కుగా, పక్క ముఖం మీది చారలు దానికి లంబంగా ఉంటాయి. తొంభై డిగ్రీలు తిప్పితే నిలువుచారలు అడ్డచారలైపోతాయి. అంటే స్ఫటికం పూర్వరూపంలో లేదన్నమాట. ఆకారం ఘనమైనా అంతరంగంలో ఆ సౌష్ఠవం లేదు. మనకు పరిచితమైన పటిక కూడ ఈ జాతిదే.

ఇటువంటి స్ఫటికాన్ని మొదటి అక్షం దిక్కున అదిమినప్పుడు రెండవ అక్షం దిక్కున కలిగే మార్పు, మూడవ అక్షం దిక్కున కలిగే మార్పు సమానంగా ఉండి తీరాలన్న నిర్బంధం లేదు. తొంభై డిగ్రీల సౌష్ఠవముంటే రెండవ, మూడవ అక్షాలు ఒకదాని స్థానంలోకి మరొకటి వచ్చేవి. అప్పుడు సమానత్వం తప్పనిసరి. ఆ మార్పిడి లేనిచోట నాలుగవ స్థిరాంకం తలయెత్తుతుంది. మరి పొకెల్స్ వంటివానికి ఇది ఎందుకు తట్టలేదు? స్థితిస్థాపకత విషయంలో ఘనస్ఫటికాలన్నిటికీ నిజంగానే మూడు స్థిరాంకాలు చాలును. అక్కడ శక్తి నియమాన్ని అనుసరించి, ఒకటవ దిక్కు రెండవ దానిపై చూపే ప్రభావం, రెండవది ఒకటవ దానిపై చూపే ప్రభావం సమానం. సౌష్ఠవం ఇవ్వని మార్పిడిని శక్తి నియమం ఇస్తున్నది. కాంతి విషయంలో ఆ ఆసరా లేదు. రెండు ధర్మాలకూ గల పోలిక ఇక్కడ పొరపాటుకు దారితీసినట్లు తోస్తుంది. ఘనవ్యవస్థలోనే కాక మరికొన్ని వ్యవస్థలకు చెందిన తరగతులలో కూడ పొకెల్స్ పట్టికను భగవంతం సవరించారు.

ఈ ఫలితం 1942లో బెంగళూరు నుండి వెలువడే భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటితమైంది. అది యుద్ధకాలం. ఆ సంవత్సరం ఏప్రిల్ 6వ తేదీన జపాన్ విమానాలు విశాఖపట్టణంపై బాంబులు కురిపించాయి. విశ్వకళాపరిషత్తు కొన్ని సంవత్సరాల పాటు గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. పరికరాలను పెట్టెలకెత్తి, తలదాచుకొన్న చోట మళ్లీ నిలబెట్టుకొని పరిశోధన సాగించవలసిన రోజులవి. కాగితం మీది లెక్క ఎంత నిర్దుష్టమైనా, భౌతికశాస్త్రంలో ప్రయోగం ఔననే వరకు అది ప్రతిపాదన మాత్రమే. ఒక మహాశాస్త్రజ్ఞుని పట్టికను తప్పన్నవారి లెక్కే తప్పైతే, నవ్వులపాలు కావడానికి ఎక్కువ సమయం పట్టదు. భగవంతం తమ శిష్యులు సూర్యనారాయణతో కలిసి ఆ దశకంలోనే ఈ తరగతి స్ఫటికాలపై ప్రయోగాలు జరిపారు. సమానమని అందరూ భావించిన రెండు స్థిరాంకాలు వేరువేరని కొలతలు చూపాయి.

ఈ సందర్భంలో సాహిత్య విద్యార్థులకు ఒక పోలిక తోచకపోదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితుడు ఛందస్సును ఆధారం చేసుకొని లేఖక దోషాలను పడతాడు. గణభంగమైన చోట, ప్రాస తప్పిన చోట వ్రాయసకాని చేయి జారిందని గ్రహిస్తాడు. అయితే పద్యం ఏ వృత్తమో నిర్ణయించడంలోనే ఆయన పొరబడితే? ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు. చంపకమాలకు ఇరవై ఒకటి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల నడక వస్తుంది. తక్కిన పాదమంతా ఒకటే. ఉత్పలమాలను చంపకమాల అనుకొన్న పరిష్కర్త ప్రతి పాదంలోనూ ఒక అక్షరం లోపించిందని భావించి, సవ్యమైన పాఠానికి తన సొంత అక్షరాన్ని జోడిస్తాడు. దిద్దుబాటే దోషమైపోతుంది.

ఎక్స్-కిరణ చిత్రాల నుండి స్ఫటిక నిర్మాణాన్ని రాబట్టేవారికి నేటికీ ఎదురయ్యే ఇబ్బందులలో ముఖ్యమైనది అచ్చంగా ఇదే. నేడు ఫలకాల స్థానంలో డిటెక్టర్లు వచ్చాయి. వేలకొలది చుక్కల తీవ్రతలను కంప్యూటర్లు నిమిషాలలో కొలుస్తాయి. ప్రతి చుక్కకూ అది ఏ తలం నుండి వచ్చినదో తెలిపే మూడు అంకెల గుర్తు ఇస్తారు. కిరణం డిటెక్టరును తాకే కేంద్రబిందువును కొద్దిగా తప్పుగా గుర్తించినా ఆ అంకెలన్నీ ఒక్కొక్క స్థానం పక్కకు జరిగిపోవచ్చు. అప్పుడు లెక్క సాఫీగా సాగినట్లే కనిపించి, చివరకు అర్థంలేని నిర్మాణం వస్తుంది. సౌష్ఠవాన్ని బట్టి సమానంగా ఉండవలసిన చుక్కలను ఒకచోట చేర్చి సగటు కడతారు. అవి తమలో తాము ఏకీభవించకపోతే ఎక్కడో పొరపాటున్నదని అర్థం: ప్రయోగం మధ్యలో స్ఫటికం కదిలి ఉండవచ్చు, కిరణాల ధాటికి చెడి ఉండవచ్చు, లేదా ఆపాదించిన సౌష్ఠవమే స్ఫటికానికి లేకపోవచ్చు. రెండు స్ఫటికాలు అతుక్కొని పెరిగిన జంట అయితే మోసం మరో విధంగా ఉంటుంది. రెండింటి చుక్కలు ఒకదానిపై ఒకటి పడి, లేని సౌష్ఠవం ఉన్నట్లు భ్రమింపజేస్తాయి.

పైరైట్, పటికల వర్గానికి చెందిన ఘనస్ఫటికాలలో ఒకటి-రెండు-మూడు అనే గుర్తుగల చుక్క, రెండు-ఒకటి-మూడు అనే గుర్తుగల చుక్క సమానం కావు. వాటిని సమానం చేయగల తొంభై డిగ్రీల మార్పిడి అక్కడ లేదు. నాలుగవ స్థిరాంకానికి కారణమైన లోటే ఇక్కడ కూడ కారణం. ఇన్సులిన్ స్ఫటికాలలో ఒక రకం ఘనరూపంలో పెరుగుతుంది. దాని వివర్తన చిత్రమూ ఈ వర్గానిదే. అటువంటి స్ఫటికాన్ని ఒక్కదానినే తీసుకొంటే అంకెలను రెండు విధాలలో ఏ విధంగా ఇచ్చినా లెక్క సరిగానే కనిపిస్తుంది. రెండు స్ఫటికాలకు చెరొక విధంగా ఇచ్చి, ఆ పైన కలిపితే మాత్రం కొలతలు పరస్పరం కలహిస్తాయి. స్ఫటికం చెడిపోయిందని పారవేయడానికి ముందు, ఒకదాని అక్షాల పేర్లు మార్చి చూడమని అనుభవజ్ఞులు సలహా ఇస్తారు. సమానమైన పొడవులున్నంత మాత్రాన అక్షాలు ఒకదానికొకటి మారుగా నిలువలేవన్నది భగవంతం లెక్కలోని కీలకం. ప్రయోగశాలలో నిత్యం అక్కరకు వచ్చే విషయమూ అదే.

యుద్ధకాలంలోనే భగవంతం జె. భీమసేనాచార్‌తో కలిసి అతిధ్వనులతో స్ఫటికాల స్థితిస్థాపకతను కొలిచే విధానాన్ని రూపొందించారు. చెవికి వినిపించని ఉచ్చస్థాయి ధ్వని తరంగాలను సన్నని స్ఫటికపు పలక గుండా పంపి, ఏ స్థాయి వద్ద అవి బాగా దాటిపోతాయో గమనించడం దాని సారాంశం. చిన్న చిన్న పలకలు సరిపోతాయి కనుక వజ్రం వంటి అరుదైన వస్తువును కూడ పరీక్షించడానికి వీలైంది. వజ్రం గురించి వారు సాధించిన ఫలితాలను 1946లో లండను రాయల్ సొసైటీ ప్రచురించింది. ఈ కొలతలకూ ఎక్స్-కిరణ చిత్రాలకూ సంబంధమున్నది. పరమాణువులు వేడిమి వల్ల సదా కంపిస్తూ ఉంటాయి కనుక, చుక్కల చుట్టూ మసక మరకలు కూడ ఏర్పడతాయి. ఆ మరకల ఆకృతిని స్ఫటికపు స్థితిస్థాపకత నిర్ణయిస్తుంది. 1940 ప్రాంతంలో వజ్రపు చిత్రాలలో కనిపించిన అదనపు గుర్తుల విషయమై బెంగళూరులో రామన్ బృందానికీ, ఇంగ్లండులో కాథ్లీన్ లాన్స్‌డేల్ ప్రభృతులకూ నడుమ గట్టి వాదమే నడిచింది. అటువంటి సమయంలో వజ్రపు స్థిరాంకాలను ప్రత్యక్షంగా కొలవడం ఎంతో విలువైన పని. వారి సంఖ్యలు శాశ్వతంగా నిలువలేదు. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మెక్‌స్కిమిన్, బాండ్ అనేవారు మెరుగైన సాధనాలతో కొలిచినప్పుడు మూడు స్థిరాంకాలూ మారాయి. వాటిలో ఒకటి సుమారు మూడవ వంతుకు తగ్గింది. కొలతలు సాధనాలతోపాటు మారుతాయి. నాలుగవ స్థిరాంకం సౌష్ఠవం నుండి వచ్చినది కనుక దానికి ఆ గతి పట్టలేదు.

స్వాతంత్ర్యానంతరం 1948లో భగవంతం లండనులోని భారత హైకమిషన్‌లో విజ్ఞాన సంబంధాల అధికారిగా పనిచేశారు. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా చేరారు. ఇరవై యేండ్ల క్రిందట విద్యార్థిగా విడిచిన నగరానికి ఆచార్యులుగా తిరిగివచ్చారు. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమై అప్పటికి ఏడాది మాత్రమే. మొదటి నుండీ ఉర్దూలో సాగిన ఉస్మానియా బోధన ఆంగ్లానికి మారుతున్నది. హైదరాబాదు రాష్ట్రమంతటికీ అది ఒక్కటే విశ్వవిద్యాలయం. ఆనాడు నాందేడు జిల్లాలో ఉండి 1956లో ఆదిలాబాదు జిల్లాలో చేరిన ముధోల్ తాలూకా గ్రామాల విద్యార్థులకు కూడ ఉన్నత విద్య అంటే ఉస్మానియాయే. 1952 నుండి 1957 వరకు భగవంతం ఆ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు. పాలన బాధ్యతలు పరిశోధకుని సమయాన్ని హరిస్తాయి. అయినా స్ఫటిక ధర్మాల పరిశోధన అక్కడ వేరూనడానికి ఆయన రాక దోహదం చేసింది. ఆ శాఖలోనే పనిచేసిన టి. ఎస్. నరసింహమూర్తి స్ఫటికాల కాంతిస్థితిస్థాపకతపై రచించిన బృహద్గ్రంథం 1981లో వెలువడింది.

1957లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులైన భగవంతం, 1961లో రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారుగా నియమితులై 1969 వరకు ఆ బాధ్యత వహించారు. 1962 నాటి చైనా యుద్ధం దేశరక్షణలో స్వదేశీ పరిజ్ఞానం ఎంత అవసరమో చూపింది. హైదరాబాదులో క్షిపణులకు, లోహాలకు సంబంధించిన రక్షణ పరిశోధనశాలలు స్థిరపడిన కాలమది. అంతటి కార్యభారంలోనూ ఆయన తమ తొలి వ్యాసంగాన్ని మరువలేదు. స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక ధర్మాలకూ గల సంబంధాన్ని సమగ్రంగా నిరూపించే ఆయన ఆంగ్ల గ్రంథం 1966లో ప్రచురితమైంది. రక్షణశాఖ దస్త్రాల నడుమ అటువంటి పుస్తకానికి తీరిక ఎట్లా చిక్కిందోనని ఆశ్చర్యం కలుగుతుంది.

ఆచార్య భగవంతం 1989 ఫిబ్రవరి 6వ తేదీన దివంగతులైనారు. 1957లో ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు నై రచించిన స్ఫటిక ధర్మాల గ్రంథం అనేక దేశాలలో పాఠ్యపుస్తకంగా వ్యాప్తి పొందింది. అందులోని కాంతిస్థితిస్థాపక పట్టికలో పైరైట్, పటికల తరగతికి ఎదురుగా నాలుగు స్థిరాంకాలే కనిపిస్తాయి.